నింద జ్ఞా మీద, దోషం దొంతర లోతులో

2018 ఫిబ్రవరిలో తెలుగు అక్షరమొకటి ప్రపంచ వార్తల్లోకెక్కింది. ఐఫోనుకు వచ్చిన సందేశంలో ఆ అక్షరం ఉంటే చాలు, దాన్ని తెరపై చూపబోయిన అప్లికేషను కుప్పకూలేది. నోటిఫికేషనులో వస్తే హోం స్క్రీనును నడిపే స్ప్రింగ్‌బోర్డే పడిపోయేది. ఐఓఎస్ 11.2.5 మీదా, మాక్ ఓఎస్ 10.13.3 మీదా ఈ వింత జరిగింది. ఆ అక్షరం జ్ఞా. జ్ఞానానికి మొదటి అక్షరమే అజ్ఞాన కారకమైనట్లు శీర్షికలు వెలువడ్డాయి. తెలుగు అక్షరం ఫోన్లను కూలుస్తున్నదని దేశదేశాల పత్రికలు రాశాయి.

ఆ శీర్షికల పట్ల నాకు అప్పుడూ అభ్యంతరమే, ఇప్పుడూ అభ్యంతరమే. అది భాషాభిమానం వల్ల కలిగినది మాత్రమే కాదు. ప్రోగ్రాము పడిపోయిన చోటునే నేరస్థలంగా, ఆ క్షణాన ఎదుటనున్న వాడినే నేరస్థుడిగా భావించే అలవాటు మన వృత్తిలో బలంగా ఉన్నది. ఆ అలవాటుకు ముఖ్య కారణాల్లో ఒకటి మన పరికరాల నెమ్మదితనమని నా అభిప్రాయం. లోతైన పిలుపుల దొంతరలో ఒక చరరాశి ఎక్కడ మారిందో పట్టుకోవడం డీబగ్గరుకు కష్టమైనంత కాలం, ప్రోగ్రామరు వెదకడం మాని ఊహించడం మొదలుపెడతాడు. ఊహ ఎప్పుడూ దగ్గరలో ఉన్నదాన్నే నిందిస్తుంది.

ముందుగా జ్ఞా సంగతి చూద్దాం. మనమందరం రోజూ రాసే జ్ఞా వలన ఏ ఫోనూ పడిపోలేదు. ఫోనును కూల్చినది ఐదు సంకేతాల వరుస: జ, పొల్లు, ఞ, ఆ తరువాత కంటికి కనిపించని జీరో విడ్త్ నాన్ జాయినర్, చివర ఆ-కారపు గుర్తు. యూనికోడులో తెలుగు రాసే వారికి ఈ అదృశ్య సంకేతం పాత నేస్తమే. సాఫ్ట్‌వేర్ అని రాసేటప్పుడు వ-కారం ట కిందికి పోయి ఒత్తుగా మారకుండా ఆపేది అదే. అయితే ఒత్తు ముగిసిన తరువాత, గుణింతపు గుర్తుకు ముందు దాన్ని ఎవరూ పెట్టరు. అక్కడ దానికి పని లేదు. యంత్రం మాత్రం ఎవరూ రాయని వరుసను కూడా ప్రాణాలతో దాటాలి.

ఆ వారంలోనే మనీష్ గోరేగావ్కర్ అనే ప్రోగ్రామరు ఈ వరుసను ముక్కలు చేసి పరీక్షించి, సమస్య ఒక్క జ్ఞాది కాదని వివరంగా రాశారు. అదే తీరు వరుసలు తెలుగులో ఇంకెన్నో ఉన్నాయి. బెంగాలీలో, దేవనాగరిలో కూడా ఉన్నాయి. 2018 ఫిబ్రవరి 19న ఆపిల్ సంస్థ ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి దోషాన్ని సవరించింది. దోషం కోర్‌టెక్స్ట్ అనే అక్షర విన్యాస భాగంలో ఉన్నదనీ, ప్రత్యేకంగా కూర్చిన అక్షరాల వరుస వల్ల హీప్ స్మృతి చెడిపోవచ్చుననీ ఆ సంస్థ తన భద్రతా ప్రకటనలో పేర్కొన్నది. అంటే అక్షరం నిర్దోషి. దాన్ని పేర్చే యంత్రాంగం తన స్మృతిని తానే పాడుచేసుకున్నది.

స్మృతి పాడవడమనే మాటను కొంచెం విప్పి చెప్పాలి. వృత్తిరీత్యా ప్రోగ్రామర్లు కాని మిత్రులు కూడా ఇక్కడ ఉన్నారు గనుక ఓపిక పట్టగలరు. ఒక ప్రమేయం మరొక ప్రమేయాన్ని పిలుస్తుంది, అది ఇంకొకదాన్ని పిలుస్తుంది. ప్రతి పిలుపుకూ తన స్థానిక చరరాశులు, తిరిగి వెళ్ళవలసిన చిరునామా ఒక అరలో ఉంటాయి. ఈ అరలు కుండల దొంతర వలె ఒకదానిపై ఒకటి పేరుకుంటాయి. సందేశం చూపే అప్లికేషను నుండి పాఠ్యపు పెట్టెకు, అక్కడి నుండి పంక్తులు విరిచే భాగానికి, అక్కడి నుండి అక్షరాలను పేర్చే భాగానికి, చివరకు ఒత్తునూ గుణింతాన్నీ కూర్చే ప్రమేయానికి చేరేసరికి దొంతర ఎంతో ఎత్తు పెరుగుతుంది. ఎక్కడో ఒక అరలో ఒక లెక్క తప్పుతుంది. ఆ తప్పు లెక్కతో ఎవరో హద్దు దాటి రాస్తారు. అప్పుడు ఏమీ జరగదు. ఎన్నో పిలుపులు ముగిసి, ఎన్నో కొత్త పిలుపులు మొదలైన తరువాత, ఏ పాపమూ ఎరుగని మరొక ప్రమేయం ఆ స్థలాన్ని చదివి కూలిపోతుంది. దోషం పుట్టిన చోటు వేరు, ప్రాణం పోయిన చోటు వేరు. కూలినప్పటి దొంతరను చూపే నివేదిక మనకు రెండవదాన్నే చూపుతుంది.

మొదటి చోటును చూపగల సాధనం వాచ్‌పాయింటు. ఈ చరరాశి విలువ మారిన క్షణాన ఆగమని డీబగ్గరుకు అప్పగించే కాపలా అది. ఈ కాపలాదారులు రెండు రకాలు. మొదటి రకం ప్రాసెసరులోనే ఉంటుంది. ఇంటెల్ 80386 వచ్చిన 1985 నుండి ఆ వంశపు ప్రాసెసర్లలో నాలుగు చిరునామాలను కనిపెట్టి ఉండే రిజిస్టర్లు ఉన్నాయి. ప్రోగ్రాము పూర్తి వేగంతో నడుస్తూనే ఉంటుంది. ఆ చిరునామాలో ఎవరైనా రాసినప్పుడే ఆగుతుంది. అయితే కాపలాదారులు నలుగురే, ఒక్కొక్కడు కాయగలిగేది 64 బిట్ల యంత్రంలో ఎనిమిది బైట్ల మేరకే. రెండవ రకం సాఫ్ట్‌వేరు కాపలా. చరరాశి పెద్దదైనా, రిజిస్టరులో ఉండి చిరునామా లేనిదైనా, జీడీబీ వంటి డీబగ్గరు ప్రోగ్రామును ఒక్కొక్క ఆదేశం నడిపించి, ప్రతి ఆదేశం తరువాత ఆపి, విలువ మారిందా అని చూస్తుంది. ప్రోగ్రాము వందల రెట్లు నెమ్మదిస్తుందని ఆ డీబగ్గరు పత్రాలే ఒప్పుకుంటాయి.

దొంతర లోతు ఈ రెండవ రకానికి గోరుచుట్టుపై రోకటిపోటు. స్థానిక చరరాశికి ఆయుష్షు తన అర ఉన్నంత వరకే. ఒకే ప్రమేయం తనను తానే వెయ్యిసార్లు పిలుచుకుంటే, ఒకే పేరుతో వెయ్యి చరరాశులు ఉంటాయి. మనం అడిగినది ఏ అరలోనిదో, ఆ అర ఇంకా బ్రతికి ఉన్నదో లేదో డీబగ్గరు తేల్చుకోవాలి. అందుకు అది దొంతర పైనుండి ఒక్కొక్క అరా దిగుతూ వెదకుతుంది. ఆదేశం ఒకటి నడవగానే పాత దొంతర వివరాలు చెల్లవని పారవేస్తుంది. తరువాతి ఆదేశం దగ్గర మళ్ళీ మొదటి నుండి దిగుతుంది.

మా జూపాడు బంగ్లా మండలం వారికి ఈ సంగతి కాలువ భాషలో చెబితే సులువుగా బోధపడుతుంది. శ్రీశైలం జలాశయపు నీరు మా మండలంలోని పోతిరెడ్డిపాడు హెడ్ రెగ్యులేటరు దగ్గర కాలువలో ప్రవేశిస్తుంది. సుమారు 16 కిలోమీటర్లు పోయి బానకచెర్ల చేరి, అక్కడ పాయలవుతుంది. అందులో తెలుగుగంగ పాయ వెలుగోడు, బ్రహ్మంసాగర్, సోమశిల, కండలేరు జలాశయాలను దాటి చెన్నై దగ్గరి పూండికి చేరుతుంది. 1983 నాటి ఒప్పందం ప్రకారం మద్రాసు కోసం ఇక్కడ వదిలే కృష్ణా జలం 15 టీఎంసీలు. దారిలో నష్టాలు పోను రాష్ట్ర సరిహద్దు వద్ద అందవలసినది 12. ఆ నీరు చెన్నైకి మొదటిసారి చేరడానికి 1996 వరకూ ఆగవలసి వచ్చింది. పూండిలో నీరు తగ్గితే పూండి తూమును నిందించి లాభం లేదు. తగ్గుదల ఏ రెగ్యులేటరుకూ ఏ రెగ్యులేటరుకూ మధ్య జరిగిందో తెలియాలి. అందుకే అంచెలంచెలుగా గేజీలు, వాటిని చూసే లస్కర్లు ఉంటారు. ఇప్పుడు ఊహించండి: కండలేరు దగ్గరి లస్కరు గేజి చూసిన ప్రతిసారీ, ఈ కాలువ ఇంకా పోతిరెడ్డిపాడు నుండే వస్తున్నదా అని ధ్రువపరచుకోవడానికి వెనుకకు నడిచి మా ఊరి దాకా వచ్చి, మళ్ళీ వెళ్ళి మరుసటి అంకె రాసుకుంటే ఎలా ఉంటుంది? నెమ్మదైన డీబగ్గరు చేసే పని సరిగ్గా అదే.

లెక్క వేసి చూద్దాం. దొంతరలో 2,000 అరలున్నాయి, మనం కనిపెట్టవలసినది అట్టడుగు అరలోని చరరాశి, ప్రోగ్రాము 10 లక్షల ఆదేశాలు నడవాలి అనుకుందాం. మామూలుగా నేటి ప్రాసెసరుకు ఇది ఒక మిల్లీసెకను లోపు పని. ప్రతి ఆదేశం దగ్గరా ఆగి కదలడానికి 10 మైక్రోసెకన్లు పడుతుందనుకుంటే 10 సెకన్లు. ఇది సహించవచ్చు. కానీ ప్రతి ఆగుదలలోనూ 2,000 అరలు దిగితే మొత్తం 200 కోట్ల అరలు. అరకు ఒక్క మైక్రోసెకనే అనుకున్నా 2,000 సెకన్లు, అంటే అరగంట దాటుతుంది. ఇవి నేను ఉదాహరణకు తీసుకున్న అంకెలే కావచ్చు. గుణకారం మాత్రం నిజమైనది. నడిచిన ఆదేశాల సంఖ్యను దొంతర లోతు గుణిస్తున్నది. వేగం పెంచదలచిన వారు ఈ గుణకారాన్ని విరగ్గొట్టాలి. మిగిలినవన్నీ పై పూతలు.

విరగ్గొట్టే మార్గాలు ఉన్నాయి. మొదటిది, పేరును వదలి చిరునామాను కాయడం. కావలసిన అరలో ఆగినప్పుడు ఆ చరరాశి చిరునామాను తీసుకుని దానిపై వాచ్‌పాయింటు పెట్టాలి. జీడీబీలో వాచ్ ఆజ్ఞకు లొకేషన్ అన్న ఐచ్ఛికం చేసేది ఇదే. చిరునామాకు అరతో పని లేదు గనుక దొంతర దిగనక్కరలేదు, పని హార్డ్‌వేరు కాపలాకు పోతుంది. ఒక్క హెచ్చరిక: ఆ అర ముగిసిన తరువాత అదే స్థలంలోకి మరొక పిలుపు వస్తుంది, కాపలాదారుడు అప్పుడు కూడా కేకలు వేస్తాడు. అర ముగిసే చోట కాపలాను ఎత్తివేయడం మన బాధ్యత.

రెండవది, చరరాశికి చిరునామా ఉండేలా కంపైలు చేయడం. కంపైలరు వేగం కోసం దాన్ని రిజిస్టరులో దాచినా, పూర్తిగా తొలగించినా హార్డ్‌వేరు కాపలా సాధ్యం కాదు. జీసీసీలో 2013 నుండి ఓజీ అనే స్థాయి ఉన్నది. డీబగ్గింగుకు అనుకూలంగా ఉంటూ కొంత వేగాన్ని కూడా నిలుపుతుంది. అలాగే ఫ్రేమ్ పాయింటరు. దాన్ని ఉంచితే ఒక అర నుండి తరువాతి అరకు ఒక చిన్న గొలుసు పట్టుకుని దిగవచ్చు. లేకుంటే డ్వార్ఫ్ పట్టికలను చదివి లెక్కగట్టుకుంటూ దిగాలి. ఒక రిజిస్టరు మిగులుతుందన్న ఆశతో ఏళ్ళ తరబడి అందరూ దాన్ని తొలగించారు. 2023లో ఫెడోరా 38, 2024లో ఉబుంటు 24.04 తమ ప్యాకేజీలలో దాన్ని తిరిగి ప్రవేశపెట్టాయి. చూడగలగడం కోసం కొద్దిపాటి వేగాన్ని వదులుకోవచ్చునని పెద్ద పంపిణీలు ఒప్పుకోవడం నాకు శుభసూచకంగా తోస్తున్నది.

మూడవది, షరతులను డీబగ్గరు చేతిలో పెట్టకుండా ప్రోగ్రాములోనే రాయడం. 1,500వ పిలుపులో మాత్రమే ఆగాలని బ్రేక్‌పాయింటుకు షరతు పెడితే, ముందున్న 1,499 పిలుపులలో కూడా ప్రోగ్రాము ఆగుతుంది, డీబగ్గరు లేస్తుంది, షరతు చూస్తుంది, మళ్ళీ పంపుతుంది. అదే షరతును ప్రోగ్రాములో ఒక్క పంక్తిగా రాసి, నెరవేరినప్పుడే ఆగే ఆదేశం పెడితే ఆ రాకపోకలన్నీ తప్పుతాయి. నాలుగవది, అడిగినంతే చూపడం. ఆగిన ప్రతిసారీ మొత్తం దొంతరనూ, ప్రతి అరలోని ప్రతి చరరాశినీ తెచ్చి కిటికీలో నింపే సంపాదకాలు ఉన్నాయి. పై పది అరలు చాలు. మైక్రోసాఫ్ట్ ప్రకటించిన డీబగ్ అడాప్టర్ ప్రోటోకాల్‌లో, ఎన్నవ అర నుండి ఎన్ని అరలు కావాలో అడిగే వీలున్నది. ఆ వీలును వాడుకోవడం సంపాదకం రాసేవారి శ్రద్ధ.

ఐదవదే అన్నింటికన్నా గొప్పదని నా నమ్మకం: ఒకసారి నడిచినదాన్ని రికార్డు చేసి, ఆపై వెనుకకు నడవడం. జీడీబీ 2009లో వచ్చిన 7.0 నుండి వెనుక నడక నేర్చింది. కానీ ప్రతి ఆదేశాన్నీ నమోదు చేసే ఆ పద్ధతి మిక్కిలి నెమ్మది. 2014లో మొజిల్లా నుండి వెలువడిన ఆర్ఆర్ అనే సాధనం మరొక దారి తొక్కింది. ప్రోగ్రాము బయటి నుండి పొందే సమాచారాన్నీ, దారాలు మారే క్షణాలనూ మాత్రమే నమోదు చేస్తుంది. మిగతాదంతా మళ్ళీ నడిపితే అదే తీరున జరుగుతుంది గనుక రాయనక్కరలేదు. దీనితో వేట తిరగబడుతుంది. ప్రోగ్రాము కూలిన చోట నిలబడి, పాడైన చిరునామాపై హార్డ్‌వేరు కాపలా పెట్టి, వెనుకకు నడవమంటే, దాన్ని చివరిసారిగా రాసిన ఆదేశం దగ్గర ఆగుతుంది. ఏ అర, ఎంత లోతు అన్న ప్రశ్న ముందుగా అడగవలసిన అవసరమే లేదు. జవాబుతో పాటే అది తెలుస్తుంది. ఇది లినక్సు మీద పనిచేసే సాధనం, దారాలన్నిటినీ ఒకే కోరు మీద నడుపుతుంది గనుక అన్ని ప్రోగ్రాములకూ సరిపడదు. అయినా డీబగ్గర్లన్నీ పోవలసిన దిక్కు ఇదే.

ఇక్కడ ఒక వర్గం వారి వాదాన్ని గౌరవంగా ప్రస్తావించాలి. డీబగ్గరు ఎందుకు, నాలుగు ప్రింట్ పంక్తులు పెట్టి ఆలోచిస్తే చాలు అనేవారు వీరు. వారిలో మహామహులున్నారు. ఆలోచనకు ప్రత్యామ్నాయం లేదన్నంత వరకు నేను వారితోనే ఉన్నాను. తర్కంలో దోషమైతే ప్రింట్ చాలు. కానీ స్మృతి చెడే దోషాలలో ఎక్కడ ప్రింట్ పెట్టాలో తెలిస్తే అసలు ప్రింట్ అవసరమే లేదు. పైగా కొత్త పంక్తి పెట్టగానే స్మృతి అమరిక మారి, దోషం మరొక చోటికి వలసపోవచ్చు. రెండు వేల అరల రికర్షనులో ప్రింట్ పెడితే వచ్చేది వరద, సమాధానం కాదు. 2012 తరువాత వాడుకలోకి వచ్చిన అడ్రస్ శానిటైజరు వంటివి హద్దు దాటిన రాతను అక్కడికక్కడే పట్టిస్తాయని మరికొందరు అంటారు. నిజమే, ముందుగా వాడవలసినది అదే. అయితే దానితో మళ్ళీ కంపైలు చేయగలిగినప్పుడే అది సాధ్యం. హద్దులోనే రాసిన తప్పు విలువను అది పట్టదు. ఎవరు, ఎప్పుడు, ఏ పిలుపులో మార్చారు అన్న ప్రశ్నకు కాపలాయే జవాబు.

ఇదంతా తెలుగు రాసుకునే మనకెందుకు? మన లిపి 1991 నాటి మొదటి యూనికోడు ప్రమాణంలోనే ఉన్నది. కానీ సంకేతాలు ఇచ్చినంత మాత్రాన అక్షరం తెర మీదికి రాదు. ఒత్తు ఎక్కడ కూర్చోవాలో, గుణింతం దేనికి అతకాలో తేల్చే ప్రమేయాల దొంతర ఒకటి ప్రతి యంత్రంలోనూ పనిచేయాలి. లాటిన్ లిపికి ఆ దొంతరలో చాలా అరలు ఖాళీగా దాటిపోతాయి. మన లిపికి ప్రతి అరా పని చేస్తుంది. కాబట్టి దోషాలు మన అక్షరాల దగ్గరే ముందుగా బయటపడతాయి. బయటపడినప్పుడల్లా దోషం మన లిపి సంక్లిష్టతదేనని చెప్పడం ఎదుటివారికి సులువు. ఆ మాటకు ఆవేశంతో ఇచ్చే జవాబు నిలవదు. ఫలానా ప్రమేయం, ఫలానా పంక్తి, ఫలానా చరరాశి అని వేలు పెట్టి చూపే జవాబు నిలుస్తుంది.

చూపడానికి వీలున్న చోట్లు కూడా ఉన్నాయి. కోర్‌టెక్స్ట్ మూలం మనకు అందదు. కానీ ఫైర్‌ఫాక్స్, క్రోమ్, ఆండ్రాయిడ్, లిబ్రేఆఫీస్ వాడే హార్ఫ్‌బజ్ పూర్తిగా స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు. దానికి డీబగ్గరు తగిలించి, ఒక తెలుగు పదం ఇచ్చి, క్షా లోని ఆ-కారం ఏ ప్రమేయంలో ఎక్కడికి కదులుతున్నదో ఎవరైనా చూడవచ్చు. మన సాఫ్ట్‌వేరు మిత్రులలో ఒక పదిమంది ఏడాదికి ఒక్కసారి ఆ పని చేసినా, తెలుగు పాఠ్యం చెడినప్పుడు ఎవరో దూరదేశంలో సవరిస్తారని ఎదురుచూసే స్థితి తప్పుతుంది. అందుకు వారికి కావలసినది వేచి ఉండనివ్వని పరికరం. అరగంట పట్టే ప్రశ్నను మనిషి రోజుకు నాలుగుసార్లు కూడా అడగడు. ఒక్క సెకనులో జవాబు వచ్చే ప్రశ్నను నలభైసార్లు అడుగుతాడు, నలభై ఒకటవసారి దోషాన్ని పట్టుకుంటాడు. వేగమంటే సౌకర్యం మాత్రమే కాదు. ఎన్ని ప్రశ్నలు అడగగలమన్న పరిమితిని అదే నిర్ణయిస్తుంది.

కాబట్టి డీబగ్గర్లు రాసేవారికి నా విన్నపం: ప్రతి అడుగుకూ దొంతరను మళ్ళీ దిగకండి, ఏ అర మారలేదో గుర్తుంచుకోండి, వాడేవాడికి తెలియకుండా సాఫ్ట్‌వేరు కాపలాకు జారిపోకండి, జారితే స్పష్టంగా చెప్పండి. వాడేవారికి నా విన్నపం: ప్రోగ్రాము పడిన చోట ఉన్న అక్షరాన్ని అనుమానించే ముందు, అది అక్కడికి ఏ దారిన వచ్చిందో వెనుకకు నడిచి చూడండి. భిన్నాభిప్రాయాలున్న మిత్రులు, ముఖ్యంగా ప్రింట్ పక్షపాతులు, వ్యాఖ్యలలో తప్పక తెలుపగలరు.